మొదటి గుక్క మాది

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన ఎదురుపడితే చెప్పులు విడవని మనిషి లేడని మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్లు. ఊళ్లో ఎలా చెప్పుకునేవాళ్లో నేనెప్పుడూ అడగలేదు. మా తాత మూడు ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీపటేల్. మా బాపు ఒక్క ఊరికి పోలీసుపటేల్. ఎనభైల్లో ఆ వంశపారంపర్యపు పదవులు రద్దయ్యాక ఆయన ఎక్కువ కాలం బతకలేదు. నేను రామన్నపేటలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తాను. తరం తరానికీ ఊళ్లు తగ్గుతూ వచ్చి నా వంతుకు ఒక టేబులు మిగిలింది. దాని కాలు ఒకటి పొట్టి. కింద కాగితం మడిచి పెట్టుకునేవాణ్ని.

అయినా మా ఇంటి మర్యాద ఒకటి ముత్తాత కాలంలో ఎలా ఉండేదో అలాగే నిలిచింది. అరుగెక్కిన మనిషి ఎవరైనా సరే, లోపలినుంచి రెండు కంచు గ్లాసుల్లో మజ్జిగ రావాలి. ఇంటి పెద్ద తన గ్లాసు ఎత్తి ముందు తాను తాగాలి. ఆ తర్వాతే వచ్చినవాడు గ్లాసు ముట్టాలి. దాయాదుల తగాదాల రోజుల్లో మజ్జిగలో ఏదో కలిపారన్న నింద ఒకటి వచ్చిందట. అప్పుడు ముత్తాత పెట్టిన పద్ధతి ఇది. నా కాలానికి విషం పెట్టదగ్గ శత్రువులు కూడా మాకు మిగల్లేదు. కానీ మొదటి గుక్క మాత్రం మాదే. బాపు పోయినప్పటినుంచి అది నా బాధ్యత. జీతం పెరగకపోయినా ఆ బాధ్యతలో నేను ఏనాడూ లోటు చేయలేదు.

నా ముప్పై రెండో ఏట, శివరాత్రి ముందు, గొంతునొప్పీ జ్వరమూ వచ్చి తగ్గిపోయాయి. ఆ తర్వాత రెండు వారాలకు నా ముఖం నిండడం మొదలుపెట్టింది. పొద్దున లేచేసరికి బుగ్గలు పొంగి ఉండేవి, కళ్లు సగమే తెరుచుకునేవి. అమ్మ మహబూబ్‌నగర్ దిక్కు ఆడబిడ్డ. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన రోజునుంచి మా మగవాళ్ల ముఖాలు నెలనెలా పీక్కుపోవడమే చూసింది. పొంగిన నా ముఖం చూసి దిష్టి తీసింది.

"మీ తాత మొకం దిగింది బిడ్డా. ఇంటికి కళ ఒచ్చింది."

ఊళ్లో పెద్దవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. "మాలీపటేల్ సాబ్ మల్ల పుట్టిండు" అన్నాడొకాయన. నిజం చెప్పాలంటే నాకూ బాగానే ఉంది. ఆఫీసుకు పోతూ అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. చెప్పులు బిగుతైతే కొత్త జత కొన్నాను. మూత్రం డికాషన్ రంగులో వస్తుంటే ఎండలు ముదురుతున్నాయని సరిపెట్టుకున్నాను. సిరి వస్తున్నప్పుడు ఇలాంటి చిల్లర విషయాలు ఎవరు పట్టించుకుంటారు?

నా సిరి సంగతి బయటపెట్టింది మా దర్జీ చాచా. రామన్నపేట బజారులో ఆయనది చిన్న కొట్టు. ఆయన తండ్రి మా తాతకు షేర్వానీలు కుట్టాడు. ఈయన నాకు టెరికాటన్ పాంట్లు కుడుతున్నాడు. ఆ విధంగా రెండు కుటుంబాలూ కలిసే దిగివచ్చాయని ఆయన అనేవాడు. పాంట్లు బిగుతయ్యాయి, కుట్లు విప్పి వదులు చేయమని వెళ్లాను. నడుముకు టేపు చుట్టి కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"నెల కింద ముప్పై. ఇయ్యాల ముప్పై మూడు. సర్కారు జీతం గంత పెంచిందా చిన్నపటేలా?"

"మా వంశంలో ముప్పై దాటాక ఒళ్లు రావడం ఉంది చాచా. మా తాత కూడా..."

"మీ తాతకు మా అబ్బా గుండీలు పెట్టలేక తిప్పలు పడేటోడు. నిజమే. కని ఆయన రోజుకో కోడి తిని లావైండు. నువ్వేం తిన్నవ్? తోటకూర."

అంటూనే కూర్చుని పాంటు అంచు కొలవబోయి ఆగిపోయాడు. టేపు బిగించిన చోట నా చీలమండ మీద గాడి పడింది. బొటనవేలు నా ముంగాలి ఎముక మీద పెట్టి గట్టిగా నొక్కి తీశాడు. అక్కడ గుంట పడింది. ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. అది పూడలేదు.

"కండ అయితే లేస్తది బేటా. గిది లేస్తలేదు. గిది సిరి గాదు, నీళ్లు. పాంటు వదులు చెయ్య. ముందు దవాఖానకు పో."

ఆయన పాంటు తిరిగి ఇవ్వలేదు కూడా. నల్లగొండ పోయి వచ్చి చీటీ చూపిస్తేనే ఇస్తానన్నాడు.

నల్లగొండలో నన్ను చూసిన డాక్టరు కోస్తా మనిషి. ప్రతి మాటకూ 'అండీ' తగిలిస్తాడు. ఆ ఒక్క విషయంలో నాకు నచ్చాడు. నా మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి మంట మీద కాచాడు. అడుగునుంచి పైదాకా గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. రక్తపోటు చూసి మళ్లీ చూశాడు.

"మూత్రపిండాల్లో జల్లెళ్లు ఉంటాయండీ. వాటికి వాపు వచ్చింది. మీ గొంతునొప్పి తర్వాత మొదలై ఉంటుంది. ఉండాల్సింది బయటికి పోతోందండీ, పోవాల్సింది లోపల ఉండిపోతోంది. ఇవాళే పడక ఎక్కండి."

మా ఇంట్లో సర్కారు దవాఖాన మంచం ఎక్కినవాళ్లు లేరని చెప్పాను.

"సర్కారు కుర్చీ ఎక్కారు కదండీ, మంచానిదేముంది?"

అయినా బలవంతపెట్టలేదు. మాత్రలు రాశాడు. ఉప్పు పూర్తిగా మానేయమన్నాడు. రోజూ మూత్రం కొలవమన్నాడు. ఎంత వస్తే అంత, దానిపైన రెండు గ్లాసుల నీళ్లు, అంతకు మించి చుక్క తాగొద్దన్నాడు. ఒక ఉత్తరం రాసి కవరులో పెట్టి ఇచ్చాడు. "ఊపిరి ఆడకపోయినా, మూత్రం పడిపోయినా నా దగ్గరికి రాకండి. ఇది పట్టుకుని తిన్నగా హైదరాబాదు వెళ్లండి. ఈ జబ్బులో మూత్రపిండాలు ఒక్కోసారి వారంలో మొత్తం ఆగిపోతాయండీ. అప్పుడు మర్యాదలు చూసుకుంటూ కూర్చోకూడదు."

ఉత్తరాన్ని పెట్టె అడుగున, మా తాత పటేల్ పదవి సనదు పత్రాల కింద పెట్టాను. మూత్రం కొలవడానికి అమ్మ బియ్యం కొలిచే పాత సోల ఒకటి ఇచ్చింది. పెరట్లోకి పోయి, కోళ్లను కూడా తరిమి, కొలిచేవాణ్ని. మొదటిరోజు రెండు సోలలు. మూడో రోజుకు ఒకటి.

ఈలోగా పటేలు కొడుక్కి పాణం బాగలేదని ఊరంతా తెలిసింది. జనం చూడ్డానికి రావడం మొదలైంది. బాపు పోయినప్పటినుంచి మా అరుగు అంత నిండుగా ఎప్పుడూ లేదు. చిట్యాలనుంచి కూడా వచ్చారు. బతికుండగానే ఇంత గౌరవం దక్కినందుకు లోపల కొంచెం పొంగిపోయాను. బయట ఎలాగూ పొంగే ఉన్నాను.

వచ్చిన ప్రతి మనిషికీ రెండు గ్లాసులు వచ్చేవి. ప్రతిసారీ మొదటి గుక్క నాది. గుక్క అంటే పెదవి తడుపుకోవడం కాదు. అలా చేస్తే అనుమానం ఉన్నట్టు. సగం గ్లాసన్నా దిగాలి. మంచినీళ్ల విషయంలో మాత్రం నేను డాక్టరు చెప్పినదానికన్నా కచ్చితంగా ఉన్నాను. రెండు గ్లాసులు అన్నాడు, నేను ఒకటిన్నరే తాగాను. మజ్జిగ సంగతి ఆయన అనలేదు. మజ్జిగ చలవ, వేడిని తీస్తుంది, మూత్రం ధారాళం చేస్తుంది. ఇది మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నల్లగొండ డాక్టరుకు వేరే చెప్పాలా? అమ్మ అందులో ఉప్పు కూడా వేసేది. డాక్టరు మానమన్నది అన్నంలో ఉప్పు. అన్నంలో ఒక్క రవ్వ కూడా వేయలేదు.

ఐదో రోజుకు సోలలో అడుగు తడవలేదు. ఆ రాత్రినుంచి పడుకుంటే ఊపిరి అందడం లేదు. పొద్దున్నే కుర్చీ అరుగు మీద వేయించుకుని నిటారుగా కూర్చున్నాను. వచ్చినవాళ్లకు అమ్మ చూపిస్తోంది. "సూడున్రి, ఇంత పాణం బాగలేకున్నా ఎన్ను వంచడు. అచ్చం వాళ్ల తాతే." వాళ్లు తలలూపారు. వెన్ను వంచితే ఊపిరి ఆగిపోతోందని చెప్పడానికి నాకు ఊపిరి లేదు.

ఆ రోజు అంగడి. అంగడి రోజు దర్జీ కొట్టు మూయడు. అలాంటిది మధ్యాహ్నానికి చాచా మా అరుగెక్కాడు. పాంటు తీసుకుపోవడానికి నేను రాలేదేమని చూడ్డానికి వచ్చానన్నాడు. అమ్మ రెండు గ్లాసులు తెచ్చింది. నేను నా గ్లాసు ఎత్తబోయాను.

చాచా నా ముఖం చూశాడు, కాళ్లు చూశాడు, గ్లాసు చూశాడు.

"దొర్సానమ్మా, డాక్టర్ ఎన్ని నీళ్లు తాగమన్నడు?"

"రెండు గ్లాసులు. ఒకటిన్నరనే తాగుతుండు దర్జీ సాబ్. గంత పట్టుదల."

"సల్ల?" అని మజ్జిగ గ్లాసు చూపించాడు.

"సల్ల నీళ్లెట్లయితది?"

"పొద్దటిసంది ఎంతమంది ఒచ్చిన్రు?"

అమ్మ వేళ్లు మడిచింది. ఒక చేయి అయిపోయి రెండో చేయికి వచ్చింది. మళ్లీ మొదటి చేయి, మళ్లీ రెండోది. "పదిహేడు మంది. నీతోని పద్దెనిమిది."

చాచా తన గ్లాసు తీసి గడప అవతల నేల మీద పెట్టాడు. "నేను తాగ. నేను తాగకుంటే నువ్వు ముందు తాగే పని లేదు."

నాకు కోపం వచ్చింది. ఊపిరి మధ్య మాటలు ఒక్కొక్కటే ఏరుకుని అన్నాను. "మా ఇంట్లో... గ్లాసు ముట్టకుండా... లేచిపోయిన మనిషి లేడు."

"అయితే రాసిపెట్టుకో. ఇయ్యాల ఒకడు పుట్టిండు."

"చాచా, ఇది... అవమానం."

"అవును. మా అబ్బాకు మీ తాత షేర్వానీ కుట్టుకూలి ఇయ్యకుంట ఆర్నెల్లు తిప్పిండు. గా బాకీ గిట్ల తీర్సుకుంటున్న అనుకో. దొర్సానమ్మా, డాక్టర్ ఏమన్న కాగితం ఇచ్చిండా?"

అమ్మ లోపలికి పోయి పెట్టె తెరిచింది. సనదులన్నీ పైకి తీసి, అడుగునుంచి ఉత్తరం తెచ్చింది. చాచా అప్పటికే ఊళ్లో ఉన్న ఒక్క జీపునూ కిరాయికి మాట్లాడటానికి వీధిలోకి దిగాడు.

జీపు వెనక సీట్లో నన్ను నిటారుగా కూర్చోబెట్టి, వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు చాచా. చిట్యాల దగ్గర పెద్ద రోడ్డెక్కేముందు డ్రైవరు చాయ్ కోసం ఆపాడు. పక్కన గోళీసోడా కొట్టు. సీసా మూతి దగ్గర గోళీ లోపలికి పడిన చప్పుడు విన్నాను. ఒక్క గుక్క అడిగాను. ఇంతకాలం ఇంటికి వచ్చిన ప్రతి మనిషికన్నా ముందుగా తాగడమే నా పని. ఇప్పుడు నేను అడుగుతుంటే ఇచ్చేవాడు లేడు.

చాచా తన రుమాలు తడిపించి నా పెదవులకు అద్దాడు. "దొరల నోరు తడిపే భాగ్యం మా ఇంట్ల నాకే దక్కింది. ఊకో, మాట్లాడకు."

హైదరాబాదులోని పెద్ద దవాఖానలో మంచం దొరకలేదు. రెండు మంచాల మధ్య నేల మీద చాప వేసి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఒక యువ డాక్టరమ్మ వచ్చి ఉత్తరం చదివింది. నా ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది. ఏమేం తాగానని అడిగింది. అమ్మ వరసగా చెప్పింది. పద్దెనిమిది మంది దగ్గరికి వచ్చేసరికి ఆమె రాయడం ఆపింది.

"ఉప్పు వేశారా అమ్మా?"

"ఎయ్యకుంటే సప్పగుంటది గద బిడ్డా."

ఆమె నవ్వును మింగి, వెంటనే గంభీరంగా మాకు అర్థమయ్యేలా చెప్పింది. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. రక్తంలో విషం పేరుకుంటోంది, ఊపిరితిత్తుల్లోకి నీరు ఎక్కింది. ముందు ఆ నీరు తీయాలి. వాపు తగ్గడానికి మందులు ఇస్తారు. ఆ తర్వాత మూత్రపిండాలు వాటంతట అవే మేలుకోవాలి. చాలామందికి మేలుకుంటాయి. కొందరికి మేలుకోవు. మేలుకోకపోతే జీవితాంతం రక్తం శుద్ధి చేయించుకుంటూనే ఉండాలి. ఆ రోజుల్లో మాలాంటి వాళ్లకు జీవితాంతం అంటే ఎన్ని నెలలో ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు.

"మజ్జిగ వల్లనే వచ్చిందా?" అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి అమ్మకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

"జబ్బు మజ్జిగ వల్ల రాలేదమ్మా. ఆగిపోయేది ఎలాగైనా ఆగిపోయేదేమో. కానీ మునిగేవాడి మీద మీరు కడవలతో పోశారు."

బొడ్డు కింద తిమ్మిరి మందు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ గొట్టం ఒకటి పొట్టలోకి దింపారు. పైన వేలాడే సీసాలనుంచి మందునీళ్లు లోపలికి దిగాలి. అరగంట లోపల ఉండాలి. తర్వాత కిందనున్న సీసాల్లోకి బయటికి రావాలి. ఇలా రెండు పగళ్లు, రెండు రాత్రులు. వార్డులో నర్సులు తక్కువ. సీసాలు చూసుకోవడం మా వాళ్ల పనే. పోసినదానికన్నా వచ్చింది ఎక్కువైతే మంచిదని చెప్పి పోయారు. చాచా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దర్జీ కళ్లతో సీసా మీది గీతలు చదివాడు.

"రెండు పోస్తే రెండుంబావు ఒచ్చింది. దొర్సానమ్మా, గీ పావు చిట్యాలోళ్లది."

మళ్లీ గంటకు, "గిది మీ పాలోళ్లది, గదే మీ దాయాదులది. జర ఎక్కువనే తాపిన్రు."

అమ్మ మొదటిసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ పొట్టలో గొట్టం. రెండో రోజు సాయంత్రానికి గోడ ఆసరా లేకుండా పడుకోగలిగాను. పడుకుంటే ఊపిరి ఆడటం ఎంత గొప్ప వైభవమో మా పూర్వీకులెవరికీ తెలిసి ఉండదు.

వీపులోనుంచి సూదితో మూత్రపిండం ముక్క తీసి పరీక్షకు పంపారు. "నమూనా బట్ట కత్తిరించిన్రు. ఇగ రంగు కలుస్తదో లేదో సూస్తరు" అన్నాడు చాచా. పెద్ద డాక్టరు వచ్చి జల్లెళ్లన్నీ వాచాయి కానీ చచ్చిపోలేదన్నాడు. సెలైనులో మందు ఎక్కించారు, తర్వాత గుప్పెడు మాత్రలు. గొట్టంతో శుద్ధి మరో విడత చేశారు. ఇక మిగిలింది ఎదురుచూడటమే.

దేనికోసం ఎదురుచూస్తున్నామో చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ మొహమాటమే. వార్డులో ప్రతి పొద్దునా డాక్టర్లు నన్ను పేరు పెట్టి కాక "పాస్ వచ్చిందా?" అనే పలకరించేవాళ్లు. ఊడ్చే ఆమె అడిగేది. పక్క మంచం మనిషిని చూడవచ్చిన చుట్టాలు అడిగేవాళ్లు. పన్నెండు ఊళ్ల దేశ్‌ముఖ్ మునిమనుమడి మూత్రం కోసం నలభై మంచాల వార్డు ఎదురుచూసింది. అంత పెద్ద సభ మా ముత్తాతకు కూడా దొరికి ఉండదు. రోజూ చాచా దుప్పటి పట్టుకుని పరదాలా నిలబడేవాడు. రోజూ సీసా అడుగున రెండు చెంచాలు.

ఆరో రోజు, ఏడో రోజు, ఎనిమిదో రోజు. చాచా జోకులు తగ్గాయి. అమ్మ నా పాదాలు నొక్కి చూసి గుంట పడితే నేను చూడకముందే దుప్పటి కప్పేది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం నేను వెన్ను వంచాను. చాచా భుజం మీద తల పెట్టి, నా తర్వాత అమ్మను ఎవరు చూస్తారని అడిగాను.

"నీ పాంటు నా కాడనే ఉంది. కుట్లిప్పి పెట్టిన. దాన్ని ఎవరికియ్యాలె? నువ్వే రావాలె" అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున, దుప్పటి పరదా వెనక, సీసాలో చప్పుడు మొదలైంది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఆ చప్పుడు ఏమిటో చాచాకు నాకన్నా ముందే అర్థమైంది. పరదా పట్టుకున్నవాడు రెండు చేతులూ వదిలేశాడు.

"దొర్సానమ్మా! ఒస్తుంది! ధార!"

వార్డంతా ఇటు తిరిగింది. నేను ఏ స్థితిలో ఉన్నానో చెప్పనవసరం లేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ పరుగున వచ్చి సీసా వెలుతురుకు పట్టి గీత చూసింది. "మూడు వందలు" అంది. మర్నాడు ఏడు వందలు. వారం తిరిగేసరికి రెండు లీటర్లు. అమ్మ చక్కెర తెప్పించి వార్డులో మంచం మంచానికీ పంచింది. మా ఇంట్లో మగపిల్లవాడు పుడితే తప్ప చక్కెర పంచరు. నేను వద్దన్నాను. "నువ్వు ఊకో, నువ్వే పుట్టినవ్" అంది అమ్మ.

ఇరవై మూడో రోజున ఇంటికి వచ్చాను. మాత్రలు ఏడాదిన్నర వాడాను. రక్తపోటు మాత్ర ఇప్పటికీ ఉంది. నన్ను చూడ్డానికి మళ్లీ జనం వచ్చారు. లోపలినుంచి రెండు గ్లాసులు వచ్చాయి. నా చేయి అలవాటుగా ముందుకు పోయింది. అమ్మ నాకన్నా ముందే ఆ గ్లాసు ఎత్తి సగం తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఊఁ, తాగున్రి" అంది వాళ్లతో. ఆ తర్వాత మా ఇంట్లో మొదటి గుక్క ఆమెదే. మా పూర్వీకులు ఒప్పుకునేవారు కాదు. వాళ్లను అడగలేదు.

ఒక్క విషయం నాకు చాలా నెలలకు గానీ తెలియలేదు. పొట్టలోకి పోసే ఆ సీసాలు, సూది మందులు చాలావరకు బయట కొనాల్సి వచ్చింది. మా వైపు అమ్మడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు. కల్వకుర్తి దగ్గర అమ్మకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన నాలుగెకరాల మెట్టభూమి, చెల్క, ఉండేది. దాన్ని, అందులోని బావితో సహా, నేను వార్డులో ఉండగానే అమ్మ తెల్లకాగితం మీద అమ్మకం రాయించి, వేలిముద్ర వేసి ఇచ్చేసింది.